వెచ్చగా తగిలిన గడ్డి

ఆ రోజు పొద్దున సంచిలో చెయ్యి పెడితే గడ్డి వెచ్చగా తగిలింది. తగిలిందని తెలిసి కూడా దాన్ని మా గుర్రం ముందు గుమ్మరించాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అది. దాని వెనక ఇంకొన్ని చేశాను, మొదటిదాన్ని దాచడానికి. మొదటిదాన్ని బద్ధకం అనుకుని ఎవరైనా వదిలేస్తారేమో. తర్వాత చేసినవాటికి ఆ పేరు కూడా సరిపోదు.

కొండాపూర్ పాత ఊళ్లో మా ఇల్లు. మా నాన్న టాంగా తోలేవాడు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాక మా అన్న ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి పెళ్లి బారాత్‌లకు తిప్పడం మొదలుపెట్టాడు. ఆడగుర్రం. మనిషి ఎక్కినా, బ్యాండు మోగినా, చెవి పక్కన టపాకాయలు పేలినా బెదిరేది కాదు. బారాత్ గుర్రానికి అంతకన్నా కావలసింది లేదు. మా వదిన దాన్ని "పోరీ" అని పిలిచేది. ఆమె గొంతు విని అది రేకుల కొట్టంలోంచి మెడ బయటికి పెట్టేది. నేను ఎన్నిసార్లు పిలిచినా అలా పెట్టలేదు.

దాని పనులు ముగ్గురం పంచుకున్నాం. బారాత్‌లకు తీసుకుపోవడం, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, ఖరారాతో, అంటే ఇనుప పళ్ల దువ్వెనతో, ఒళ్లు రుద్దడం అన్నవి. నీళ్లు, దాణా వదినవి. సాయంత్రం ఉలవలు నానబెట్టి, పొద్దున మెత్తబడ్డాయో లేదో వేలితో నొక్కి చూసి పెట్టేది. పొద్దుటి గడ్డి నా వంతు. బారాత్ నుంచి అన్న ఎప్పుడో అపరాత్రి వచ్చి పడుకునేవాడు కాబట్టి, చీకటితో లేచి పచ్చి గరిక కోసుకొచ్చి జొన్నచొప్పలో కలిపి వేయడం నా పని. నాన్న మాకు మాటలు నేర్పినప్పటినుంచే ఇది కూడా నేర్పాడు: ముందు నీళ్లు, తర్వాత గడ్డి, చివరకు దాణా. ఇంకొకటి కూడా చెప్పేవాడు. గుర్రానికి కక్కడం రాదు. కుక్క కక్కుతుంది, మనిషి కక్కుతాడు, గుర్రం లోపలికి పోయిందాన్ని బయటికి పంపలేదు. కాబట్టి దాని నోటికి అందేదానికి మనదే పూచీ.

ఈ మాట తెలియని ఇంట్లో పుట్టి ఉంటే ఈ రోజు నేను ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

గరిక కోసం ఎక్కడికో పోనక్కర్లేని రోజులు కూడా ఉండేవి. గుట్ట వెనక బీడు ఉండేది. గుర్రాన్ని అక్కడ వదిలేస్తే చాలు. తర్వాత ఆ బీడుకు గోడ పెట్టారు. బండలను పేల్చారు. గోడ లోపల గాజు బిల్డింగు లేచింది. అందులో ఏసీ ప్లాంటు చూసుకునే ఉద్యోగం నాకే దొరికింది. బీడు పోయిందని బాధపడ్డదీ, నా ఉద్యోగానికి మిఠాయి పంచిందీ అన్నే. మొదటి జీతంతో నేను కొట్టంలో మట్టి నేల తవ్వించి షాబాద్ బండలు పరిపించాను. గుర్రం నిలబడే చోట నీళ్లు కొట్టి కడిగితే తళతళలాడేది. చూడ్డానికి వచ్చిన వాళ్లకు నేనే దగ్గరుండి చూపించేవాడిని.

బీడు పోయాక గరిక కోసం కుంట కట్ట దాకా సైకిల్ మీద పోవాలి. షిఫ్టుకు ముందు పోయి రావాలంటే నిద్ర సగం తగ్గించుకోవాలి. ఆ బిల్డింగు ముందు మాత్రం పచ్చటి లాన్ వేశారు. మిషనుతో కత్తిరించి, ఆ గడ్డిని ఒక మూల కుప్ప పోసేవారు. మెదక్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన అక్కడ మాలి.

"భాయ్, గీ గడ్డంత పారేసుడే. తీస్కపో. మీ గుర్రం ఇది తిన్నదనుకో, ఇగ ఇంగ్లీషుల సకిలిస్తది సూడు," అన్నాడు ఒక సాయంత్రం.

నవ్వాను. మా బీడు మీది గడ్డే కదా, మళ్లీ మా గుర్రానికే వస్తోంది అనుకున్నాను. ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, ఇంకేమీ ఆలోచించలేదు. ప్లాస్టిక్ సంచుల్లో అదిమి అదిమి నింపాను. ఆ రోజు నాకు రాత్రి డ్యూటీ కూడా కలిసింది. మూతులు కట్టి సంచులను ప్లాంటు రూములో, మోటార్ల పక్కన పెట్టాను. తెల్లవారుతూనే సైకిల్ వెనక కట్టుకుని ఇంటికి వచ్చాను.

వదిన బోరింగు దగ్గర నీళ్ల వరుసలో ఉంది. అన్న బారాత్ జీనుగుడ్డకు జరీ అంచు కుట్టించడానికి పాతబస్తీకి బయలుదేరి వెళ్లిపోయాడు. కొట్టంలో గుర్రం ఒక్కతే ఉంది. సంచి మూతి విప్పి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. లోపలి నుంచి ఒక వాసన, కల్లు కుండ కడిగినప్పుడు వచ్చేలాంటిది, తేలిగ్గా వచ్చింది. మోటార్ల పక్కన పెట్టినందుకు వేడెక్కింది అనుకున్నాను. అనుకున్నాను అనడం కన్నా, అలా అనుకోవాలని తీర్మానించుకున్నాను అనడం నిజం. చొప్ప కోసి కలపలేదు. సంచులన్నీ తొట్టిలో బోర్లించాను. గుర్రం మూతి ముంచి ఆత్రంగా తింది. నమలడానికి ఏమీ లేదు, అంత సన్నగా కత్తిరించిన గడ్డి. అది అలా తింటుంటే చూసి సంతోషపడి, స్నానం చేసి, మరొకడి బదులు పగటి డ్యూటీకి కూడా ఒప్పుకున్నాను కాబట్టి తిరిగి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి ప్లాంటు రూముకు వచ్చాడు.

"ఎవరో అమ్మ వచ్చిందన్నా. లద్ది వాసన కొడ్తుంది. లోపలికి పంపలే, గేటు కాన్నే ఆపిన."

వదిన. చెప్పులు లేవు. చీర కుచ్చిళ్ల నిండా పొద్దుటి లద్ది. కార్లు ఆగి ఆగి లోపలికి పోతుంటే ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మరిదీ, పోరి పంటుంది, లేస్తుంది. డొక్క దిక్కు మల్లి మల్లి సూసుకుంటుంది. కాళ్లతోని పొట్ట తన్నుకుంటుంది. నాకేం సమజైతలేదు. జల్ది రా."

నాకు అప్పుడే సమజైంది. ఆమె చెప్పిన ఒక్కో మాటతో ఆ వెచ్చదనం మళ్లీ నా అరచేతిలోకి వచ్చింది. ఇంటికి పరుగెత్తాం. ఇక్కడ రెండో తప్పు. ఇంట్లో కాలు పెట్టగానే నేను గుర్రాన్ని చూడలేదు. వదిన కొట్టంలోకి పోతుంటే నేను పెరట్లోకి పోయి, కొట్టం బయటి వైపు గుర్రం మెడ చాపి తినే గడ్డి తొట్టి వెనక పడి ఉన్న ఖాళీ సంచులను మడిచి కట్టెల కుప్ప కింద తోశాను. తొట్టిలో అడుక్కు అంటిన నాలుగు పరకలను చేత్తో ఊడ్చి పారేశాను. అప్పుడు కొట్టంలోకి వెళ్లాను.

గుర్రం చెమటతో తడిసిపోయి ఉంది. తెల్లటి చర్మం చెమటకు బూడిద రంగులోకి తిరిగింది. ముక్కుపుటాలు వెడల్పుగా తెరుచుకుని ఉన్నాయి. నన్ను చూసి తల తిప్పుకోలేదు, దగ్గరికీ రాలేదు. అది అసలు ఎవరినీ చూడటం లేదు.

అన్న కొత్త జీనుగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే దాన్ని వదిలేశాడు. గుర్రం డొక్కకు చెవి ఆనించి విన్నాడు. రెండో వైపు కూడా విన్నాడు.

"లోపల సప్పుడే లేదు. తమ్మీ, పొద్దున ఏం పెట్టినవ్ రా?"

"ఎప్పటి లెక్కనే. గరిక, చొప్ప."

మూడో తప్పు అది. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

అన్న వెంటనే లేచి దాణా గంప దగ్గరికి పోయాడు. అడుగున మిగిలిన ఉలవల్లో నాలుగు తీసి వేళ్ల మధ్య నొక్కాడు. ఒకటి నలగలేదు.

"ఇది సూడు. రాయి లెక్కుంది. సగం నానని ఉలవలు పెడ్తవా దానికి? నీళ్లు తాగంగనే లోపల ఉబ్బినయ్. ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, గింత సూస్కోవా?" అని వదిన మీద కేకలేశాడు.

"నానినయ్ అనుకున్న… నొక్కి సూసిన గద," అంది ఆమె. ఆ తర్వాత ఆమె కూడా ఒక ఉలవను తీసి నొక్కింది. ఆమె ముఖంలో అనుమానం నేను చూశాను. తన చేతి మీద తనకే అనుమానం. "నేనే సరిగ సూడలేదేమో," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. గంప అడుగున ఒక నానని ఉలవ ఏ ఇంట్లో అయినా ఉంటుంది. ఆ మాట కూడా నేను అనలేదు.

అన్న గుర్రాన్ని పడుకోనివ్వకుండా నడిపించమని తాడు నాకిచ్చి, పశువుల దవాఖానకు డాక్టరు కోసం పోయాడు. నేను దాన్ని వీధిలో నడిపించాను. ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా, అక్కడి నుంచి వెనక్కి. నాలుగడుగులు వేసి అది ఆగేది. ముందు కాళ్లు మడవబోయేది. నేను తాడు లాగి అరిచేవాడిని. దాని కళ్ల ముందు నిలబడి బతిమాలేవాడిని. చేతులతో డొక్క రుద్దాను, అక్కడ చర్మం డోలు మీది తోలులా బిగిసి ఉంది. ఇంకేం చేయగలను? దానికి నొప్పి ఎక్కడుందో నాకు తెలుసు, ఎందుకుందో తెలుసు, తీయడం మాత్రం నా చేతుల్లో లేదు. వాకిట్లో వదిన బకెట్టు పట్టుకుని కూర్చుని, అది లద్ది వేస్తుందేమోనని తోక వైపే చూస్తోంది. ఒక్క ఉండ పడినా బతికినట్టే. పడలేదు. కిరాణా కొట్టు ముందు బీడీ తాగుతున్న ముసలాయన, "పెండ్లికొడుకు లేకుంటనే బారాత్ తీస్తున్నవేంది పిలగా," అని నవ్వాడు. తర్వాత గుర్రం ముఖం చూసి బీడీ కింద పడేసి లేచి నిలబడ్డాడు.

డాక్టరు గుంటూరు వైపు మనిషి. స్కూటరు మీద వచ్చాడు. రాగానే, "చూడండీ, నేను రోజూ చూసేది గేదెల్నండీ. గుర్రం పని నాకు అంతగా అలవాటు లేదు. చేయగలిగింది చేస్తాను," అన్నాడు. ఆ మాట అన్నకు భయం కలిగించింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. ఆ ఇంట్లో ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పిన మగవాడు ఆయన ఒక్కడే.

"ఏం తిన్నదండీ ఇవాళ? కొత్తగా ఏమన్నా పెట్టారా?"

అన్న నా వైపు చూశాడు. చెప్పే అవకాశం మళ్లీ వచ్చింది. నేను తాడు ముడిని సవరిస్తూ ఉండిపోయాను.

"ఉలవలు సార్. సరిగ నానలేదు," అన్నాడు అన్న.

డాక్టరు నొప్పికి సూది వేసి, గింజలే అయితే కాస్త ఆగి చూద్దామన్నాడు. ఆగాం. సూది మందుకు అది కాసేపు నెమ్మదించింది. తర్వాత నొప్పి ముందుకన్నా గట్టిగా వచ్చింది. ఈసారి అది కాళ్లు మడవలేదు. ఒక్కసారిగా పక్కకు కూలింది. ముగ్గురం అరిచి, తోసి లేపాం. డాక్టరు చొక్కా చేతులు మడిచి, స్కూటరు డిక్కీలోంచి పొడవాటి గొట్టం తీశాడు. అన్న తల పట్టుకుంటే, ముక్కులోంచి కొద్దికొద్దిగా లోపలికి పంపాడు. ముందు గాలి వచ్చింది, సైకిల్ ట్యూబు విప్పినట్టు బుస్సుమంటూ. ఆ తర్వాత పచ్చటి నీళ్లు నురగతో బకెట్‌లోకి కారాయి. కల్లు కుండ వాసన కొట్టంతా నిండింది.

డాక్టరు బకెట్‌లో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. సన్నటి పరకలు, అన్నీ ఒకే పొడవు.

"ఇవి ఉలవలు కాదండీ. లాన్ గడ్డి. అదీ పులిసిపోయింది. ఎవరు పెట్టారు?"

నేను ఒప్పుకున్నానని చెప్పుకోలేను. ఆ పిడికిలి చెప్పింది. ఆ తర్వాత నేను నోరు తెరిచి, "నేనే," అన్నాను. కట్టెల కుప్ప కింద సంచులున్నాయని కూడా చెప్పాను. ఎవరూ అడగకుండానే నేను చెప్పింది ఆ ఒక్కటే.

"ముందే చెబితే రాగానే గొట్టం వేసేవాణ్ణి కదండీ. పొట్టలో పులిసింది అంత సేపు అలా ఉండిపోయింది. బతికితే డెక్కలు జాగ్రత్తగా చూసుకోండి. ఈ విషం కాళ్లలోకి దిగుతుంది," అన్నాడు డాక్టరు. గట్టిగా అనలేదు. అలసటగా అన్నాడు.

అన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా దగ్గరికి వచ్చి, "తాడు ఇటియ్యి," అన్నాడు. ఇచ్చాను. అంతే. వదిన బకెట్టు తీసుకుని పెరట్లోకి పోయి పారబోసింది. దాణా గంప దగ్గర ఒక క్షణం ఆగింది. అక్కడ నేల మీద పడి ఉన్న ఆ నానని ఉలవను తీసి గోడ అవతలికి విసిరేసింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గుర్రం లద్ది వేసింది. వదిన ఏడ్చింది. అన్న దాని మెడ మీద ముఖం పెట్టుకున్నాడు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆ సంతోషంలోకి నన్ను ఎవరూ పిలవలేదు, పిలవాలని నేనూ అనుకోలేదు.

అది బతికింది. కానీ డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఒక రోజు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ మర్నాడు కొట్టంలో ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. ముందు డెక్కల మీద చెయ్యి పెడితే ఆ గడ్డి ఎంత వెచ్చగా తగిలిందో అంత వెచ్చగా ఉన్నాయి. నీళ్ల తొట్టి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులు వేయలేక, తొట్టి వైపు చూస్తూ నిలబడింది. ఎండకు కాలిన షాబాద్ బండలు. నేను పరిపించినవి. అది ఒక కాలు ఎత్తి బండ మీద పెట్టబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

అదే రోజు తెల్లాపూర్ నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. వారం తిరగకుండా బారాత్ ఉంది.

"గుర్రం రాదు. కాళ్లు పోయినయ్," అన్నాడు అన్న.

"గిట్లంటే ఎట్లనే? పోరడు గుర్రం మీదనే వస్తనని కూసున్నడు. ఇప్పుడు వాన్ని నీ భుజం మీద ఎక్కిచ్చుకుంటవా?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

"మల్ల వస్తదా కాళ్లకు?" అని అడిగింది వెంట వచ్చిన ముసలామె, కొట్టంలోకి తొంగి చూసి.

"తెల్వదమ్మా," అన్నాడు అన్న. ఎందుకిలా అయిందని వాళ్లు అడిగారు. "పెయ్యి బాగలేకుండె, పానం మంచిగ లేకుండె," అన్నాడు. నన్ను చూపించలేదు. చూపించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వాళ్లు వెళ్లాక నేను వదిన దగ్గరికి పోయాను. ఆమె కొట్టం గడపలో కూర్చుని బకెట్టుతో గుర్రం డెక్కల మీద చల్లటి నీళ్లు పోస్తోంది. అన్న వినేటట్టుగానే చెప్పాను.

"వదినా, నీ ఉలవలు నానినయ్. నాకు తెలుసు. అన్న నిన్ను తిడుతుంటే సప్పుడు చెయ్యకుంట నిలబడ్డ. తప్పయింది."

ఆమె నీళ్లు పోయడం ఆపలేదు.

"నన్ను తిట్టిండని కాదు మరిదీ. నా చేతనే పోరి సస్తుందని నేను అనుకున్న గద, గా కొంచెం సేపు. అది నీకెట్ల చెప్పాలె," అంది. తర్వాత, "బండలు మస్తు కాల్తున్నయ్. ఎన్ని నీళ్లు పోసినా ఆగుతలేవు," అంది.

ఆ మాటకు నేను పోయి గడ్డపార తెచ్చాను. గుర్రం నిలబడిన చోటు వదిలి, మిగతా బండలను ఒక్కొక్కటే పెకలించాను. ఎంతో ఇష్టంగా సిమెంటుతో అతికించినవి, తేలిగ్గా రాలేదు. కొన్ని విరిగాయి. వాటిని వాకిట్లోకి ఈడ్చి పడేశాను. తర్వాత కుంట కట్ట కింది వాగులో ఇసుక తవ్వి, ఆ గడ్డి సంచుల్లోనే నింపి, సైకిల్ మీద మోశాను. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు. అన్న మొదట చూస్తూ ఊరుకున్నాడు. చివరి విడతలో ఏమీ అనకుండా సంచి రెండో కొస పట్టుకుని దించాడు. వదిన ఇసుక మీద నీళ్లు చల్లింది. అన్న తాడు పట్టుకుని ఇసుక వైపు నడిచాడు. గుర్రం ముందు కాలు ఎత్తి చాలాసేపు ఆలోచించింది. పెట్టింది. డెక్క ఇసుకలో దిగింది. రెండోది కూడా పెట్టింది. నాలుగు కాళ్లూ తడి ఇసుకలో దిగాక తల వంచి, ఒక పెద్ద ఊపిరి వదిలింది.

అది మళ్లీ ఏ బారాత్‌కూ పోలేదు. గట్టి రోడ్డు మీద ఇక ఎప్పుడూ కుంటుతూనే నడిచింది. అన్న ఇతరుల గుర్రాలను పట్టుకుని పెళ్లిళ్లకు నడవడం మొదలుపెట్టాడు. ఆ బాధను నేను ఏ ఇసుకతో కప్పగలను?

నేను చేయగలిగింది ఇది. ఇసుక పోసిన మర్నాడు డ్యూటీకి పోయి, మాలికి జరిగింది చెప్పాను. ఆ గడ్డిని ఇంకే పశువుల వాళ్లకూ ఇవ్వొద్దని, ఇస్తే కోసిన వెంటనే నేల మీద పరిచి ఆరబెట్టి ఇవ్వమని చెప్పాను. రాత్రి డ్యూటీలు వద్దని రాసిచ్చాను. ఆ మర్నాడు చీకటితో లేచి, కొడవలి తీసుకుని కుంట కట్టకు పోయాను. గరిక పిడికెడు పిడికెడుగా కోశాను. తెచ్చి వాకిట్లో పరిచి, ప్రతి పిడికెడునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అరచేత్తో పట్టి చల్లగా ఉందో లేదో చూసి, చొప్పలో కలిపాను. గుర్రానికి నేను వేయలేదు. గంప తీసుకుపోయి వదిన ముందు పెట్టాను. ఆమె కూడా చెయ్యి పెట్టి చూసింది. చూసి, లేచి, "పోరీ," అని పిలుస్తూ కొట్టంలోకి నడిచింది.